తాత గాలి తుపాకి: విప్పింది, చెడగొట్టింది, కొలిచింది

హనుమకొండలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా, ఎక్కువగా ఆదివారాలు, చేసిన పని ఇది. అటక మీద ఇలాంటి తుపాకి పడి ఉన్నవాళ్లు నేను చేసిన తప్పులు మళ్లీ చేయొద్దని రాస్తున్నా. బాగా జరిగిన రోజుల గురించి తక్కువ రాశాను, ఎందుకంటే ఆ రోజుల్లో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు.

తుపాకి పశ్చిమ జర్మనీలో చేసిన డయానా 27. బోరు, అంటే గొట్టం లోపలి వెడల్పు, .177 అంగుళం, 4.5 మి.మీ. గొట్టాన్ని కిందికి విరిస్తే లోపల స్ప్రింగు నొక్కుకుని పిస్టన్ వెనక్కి వెళ్లే రకం. మా వైపు దీన్ని ఛర్రా తుపాకి అంటారు. నేను మాత్రం ఇక్కడ ఛర్రాను గుండు అనే రాస్తాను.

తాతకు ఇంకో తుపాకి ఉండేది, పన్నెండు బోరుది. ఊరు పాఖాల అడవి అంచున కావడంతో ఆ కాలంలో షికారు మామూలే. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక షికారు పోయింది. తర్వాత అన్నలు (నక్సలైట్లు) ఊళ్లలో తుపాకులు అడిగి తీసుకుపోయే రోజులు వచ్చాయి. తాత దాన్ని లైసెన్సుతో సహా స్టేషన్‌లో అప్పజెప్పి, రసీదు జేబులో పెట్టుకుని ఇంటికొచ్చి, రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదని బాపమ్మ చెబుతుంది. మిగిలింది ఈ గాలి తుపాకి. మక్కచేను మీద చిలుకలు వాలితే మంచె మీంచి దీని చప్పుడుతో బెదరగొట్టేవాడు.

దశ 0: కాగితాలు, కట్టుబాట్లు

ఆయుధ నియమాలు 2016 ప్రకారం .177 బోరు దాటకుండా, 20 జౌల్స్ శక్తి మించకుండా ఉన్న గాలి తుపాకికి లైసెన్సు అక్కర్లేదు. .22 బోరు అయితే ఈ వెసులుబాటు లేదు. అందుకే ముందు బోరు కొలిచి, తర్వాతే పేచ్‌కస్ (స్క్రూడ్రైవర్) పట్టుకున్నాను. పిట్టల మీద గురి పెట్టడం చట్టం ఒప్పుకోదు. కాబట్టి ఈ డైరీ అంతా కాగితం మీద, ఇనుప రేకు మీద కొట్టిందే.

తాత ట్రంకు పెట్టెలో పన్నెండు బోరు తూటాల ఖాళీ ఇత్తడి కేసులు పదకొండు దొరికాయి. "వీటిల్ల మళ్ల మందు నింపుకోవచ్చు గద బావా" అన్నాడు మా బామ్మర్ది. ఫోన్లో వీడియోలు చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. ఆయుధాల చట్టం 1959 కింద తూటా తయారు చేయడానికి విడిగా లైసెన్సు కావాలి. తూటా మందు జోలికి పోలేదు. నా తూకాలు, కొలతల పిచ్చి అంతా సీసం గుండ్ల మీదే తీర్చుకున్నాను. అది దశ 9లో ఉంది.

షెడ్డులో గోడ మీద రాసి పెట్టుకున్నవి:

1. గొట్టం విరిచి ఉన్నంతసేపు ఒక చెయ్యి గొట్టం మీదే. ట్రిగ్గర్ జారితే గొట్టం పైకి లేచి వేలు నుజ్జు చేస్తుంది.
2. గుండు లేకుండా పేల్చొద్దు. ఎదురు గాలి దొరక్క పిస్టన్ సిలిండర్ మూతికి సుత్తెలా గుద్దుకుంటుంది.
3. కళ్లద్దాలు లేకుండా ఎవరూ షెడ్డులోకి రావద్దు. పిల్లలు అసలే వద్దు.
4. సీసం ముట్టుకున్న చేత్తో చాయ్ తాగొద్దు.

దశ 1: ఉన్నది ఉన్నట్టు కొలవడం

విప్పకముందే కొలవాలి, లేకపోతే తర్వాత బాగైందో చెడిందో తెలియదు. వేగం కొలిచే యంత్రం ఖరీదు ఎక్కువ. ఫోన్లో చప్పుడు రికార్డు చేసి కంప్యూటర్‌లో ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో చూస్తే తుపాకి చప్పుడు ఒక గీతగా, రేకుకు తగిలిన చప్పుడు ఇంకో గీతగా కనబడతాయి. ఆ రెంటి మధ్య కాలం తీసుకుని దూరాన్ని దానితో భాగిస్తే వేగం వస్తుంది. పాత సామాన్ల కొట్టులో ఇనుప రేకు ముక్క కొని, ముక్కలు ముఖం మీదికి రాకుండా కిందికి వంగేట్టు వేలాడదీశాను. గొట్టం మూతి నుంచి సరిగ్గా 8 మీటర్లు.

మొదటి తప్పు ఇక్కడే. ఫోన్ తుపాకి పక్కనే పెట్టాను. పది గుండ్ల సగటు కాలం 88.5 మిల్లీ సెకన్లు, అంటే సెకనుకు 90 మీటర్లు. స్ప్రింగు చచ్చిపోయిందనుకుని కొత్త స్ప్రింగు ఆర్డర్ కూడా పెట్టేశాను. రాత్రి పడుకున్నాక వెలిగింది: రేకు చప్పుడు తిరిగి ఫోన్ దాకా రావడానికి కూడా టైం పడుతుంది కదా! 8 మీటర్లకు ధ్వనికి దాదాపు 23 మిల్లీ సెకన్లు. నేను దాన్ని కూడా గుండు ఖాతాలో రాశాను.

మార్పు: ఫోన్‌ను సరిగ్గా మధ్యలో, 4 మీటర్ల దగ్గర పెట్టాను. అప్పుడు రెండు చప్పుళ్లూ సమాన దూరం నడిచి వస్తాయి, ధ్వని కాలం దానంతటదే కొట్టుకుపోతుంది. ఎండాకాలమా చలికాలమా అన్న లెక్క కూడా అక్కర్లేదు.

కొత్త లెక్క (గుండు బరువు 0.53 గ్రా.): సగటు సెకనుకు 122 మీ. కనిష్ఠం 109, గరిష్ఠం 133. శక్తి 3.9 జౌల్స్.

గురి: 10 మీటర్ల దగ్గర, ఇసుక సంచి మీద ఆనించి, పది గుండ్లు. కాగితం మీద రంధ్రాలు పరుచుకున్న వెడల్పునే గుంపు అంటాను, ఎంత చిన్నదైతే అంత మంచి గురి. బయటి అంచు నుంచి బయటి అంచుకు కొలిచి 4.5 మి.మీ. తీసేస్తే గుంపు 61 మి.మీ. చాయ్ గ్లాసు మూతి కన్నా వెడల్పు.

ఇప్పటిదాకా: కాలిపర్ ₹650, మిల్లీగ్రాము తూకం ₹900, రేకు ₹60, విదేశీ గుండ్ల డబ్బా ₹1,100, కళ్లద్దాలు ₹150. మొత్తం ₹2,860. పేల్చినవి 40.

దశ 2: గొట్టం మెడ దగ్గర వాషర్

గొట్టం విరిచే చోట చిన్న తోలు వాషర్ ఉంటుంది. దానికి విప్పే పని లేదు. పరీక్ష సులువు: అతుకు మీద పల్చటి టిష్యూ కాగితం ముక్క పెట్టి పేల్చాలి. కాగితం కదలకపోతే వాషర్ బాగున్నట్టు. మాది ఎగిరి నా కళ్లద్దాల మీద పడింది.

పాతది సూదితో పీకితే గవ్వలా గట్టిపడి ముక్కలైంది. పాత బెల్టు ముక్క నుంచి కొత్తది కోసి, మెడకు వెంట్రుకవాసి పైకి ఉండేట్టు కూర్చోబెట్టాను. వేగం 122 నుంచి 134కి పెరిగింది. అరగంట పని. ఇక్కడితో ఆగిపోయినా బాగుండేదేమో అని తర్వాత చాలాసార్లు అనిపించింది.

ఇప్పటిదాకా: ₹2,860. పేల్చినవి 55.

దశ 3: విప్పడం, గోళీ పోగొట్టుకోవడం

ఈ మోడల్ ట్రిగ్గర్ లోపల మూడు ఉక్కు గోళీలు ఉంటాయి. పిస్టన్ కాడను పట్టి ఆపేది అవే. విప్పేవాళ్లు ముందే తెలుసుకోవాల్సిన సంగతి ఇదొక్కటే. నేను విప్పాక తెలుసుకున్నాను.

1. కట్టె భాగం స్క్రూలు తీయాలి. పేచ్‌కస్ మొన స్క్రూ గాడికి సరిగ్గా పట్టాలి. నేను ఆకురాయితో మొన అరగదీసి సరిచేసుకున్నాను. అయినా ఒక స్క్రూ తల చెక్కుకుపోయింది.
2. వడ్రంగి దగ్గర పొడుగు బిగింపు చట్రం అడిగి తెచ్చుకోవాలి. తుపాకిని అందులో పెట్టి వెనక దిమ్మెను ముందుకు నొక్కి ఉంచాలి.
3. దిమ్మెను పట్టి ఉంచే అడ్డ పిన్నులను ఇత్తడి కడ్డీతో తట్టి తీయాలి. ఉక్కు మేకు వాడితే రంధ్రం అంచు పాడవుతుంది.
4. బిగింపును నెమ్మదిగా వదలాలి. స్ప్రింగు ఇంకా నొక్కుడులోనే ఉంటుంది. చేత్తో పట్టుకుందామనుకుంటే పళ్లు రాలతాయి.
5. గొట్టం ఇరుసు బోల్టుకు తోడుగా చిన్న తాళం స్క్రూ ఉంటుంది. ముందు అది తీసి తర్వాత బోల్టు తీయాలి. గొట్టం, దాని కొక్కెం విడిపోతే పిస్టన్ బయటికి జారుతుంది.

నాలుగో మెట్టు దాకా బాగానే వచ్చింది. దిమ్మె బయటికి రాగానే గోళీలు మూడూ నేల మీద పడ్డాయి. రెండు దొరికాయి. మూడోది మోరీలో పడిన చప్పుడు విన్నాను. మోరీ అంతా గెలికినా దొరకలేదు.

సైకిల్ షాపులో చూపుకు అలాగే ఉన్న గోళీ తెచ్చి వేశాను. గొట్టం విరిచి తుపాకి ఎక్కిస్తే గోళీలు పిస్టన్ కాడను పట్టి ఆపలేదు. కాలిపర్‌తో కొలిస్తే కొత్తది 0.2 మి.మీ. లావు. అంత తేడాకే మూడూ సమంగా కూర్చోవు. వరంగల్ స్టేషన్ రోడ్డులో బేరింగులు అమ్మే కొట్టుకు మిగిలిన రెండూ పట్టుకెళ్లి, వాళ్ల మైక్రోమీటర్‌తో కొలిపించి అదే సైజు పది తెచ్చాను. మూడూ కొత్తవే వేశాను. పాతవి రెండూ తాత పెట్టెలోకి.

తిరిగి బిగించేటప్పుడు గోళీలు పడిపోకుండా చిక్కటి గ్రీజు ముద్ద పెట్టి అతికించాలి. కింద తెల్ల దుప్పటి పరుచుకోండి.

ఇప్పటిదాకా: ఇత్తడి కడ్డీ ₹80, గోళీలు ₹50 కలిపి ₹2,990. పేల్చినవి 55.

దశ 4: పిస్టన్ తోలు వాషర్

ఎక్కువ రోజులు తిన్న పని ఇదే. సైకిల్ పంపులోనూ, పాత కిరసనాయిలు స్టవ్ పంపులోనూ ఉండే గిన్నె వాషర్ లాంటిదే ఇదీ. గిన్నె నోరు గాలి ఉండే వైపు తెరుచుకుని ఉంటుంది. గాలి నొక్కుడు పెరిగినకొద్దీ అంచు విచ్చుకుని సిలిండర్ గోడకు అంటుకుంటుంది. పాతది నల్లగా, బెల్లం అచ్చులా బిగుసుకుపోయి ఉంది.

మొదటి ప్రయత్నం: చెప్పుల షాపులో దొరికే మెత్తటి తోలు, ₹50. తడిపి అచ్చులో వేస్తే గిన్నె ఆకారం వచ్చింది. ఆరాక మళ్లీ చాపలా చదునైపోయింది. అలాగే బిగించి చూస్తే వేగం 96. పాత చచ్చిన వాషర్ కన్నా అధ్వానం.

ఎందుకో చెప్పింది మార్కెట్ దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన. "ఇది క్రోమ్ తోలు బిడ్డా. రబ్బరు లెక్క, చెప్పినట్టు వినదు. నీకు తంగేడు చెక్కల ఊనిన తోలు గావాలె" అన్నాడు. వాళ్ల తండ్రి కాలంలో లందల్లో, అంటే తోళ్లు పదును చేసే తొట్లలో, తంగేడు చెక్క వేసి తోళ్లు ఊనేవారట. ఇప్పుడు లందలు లేవు. ఆయన దగ్గర పాత ముక్క ఒకటి ఉంది, 3.5 మి.మీ. మందం. ₹200 ఇస్తానంటే ఎక్కువన్నాడు, ఇచ్చేశాను. రంపెతో గుండ్రంగా ఆయనే కోసి ఇచ్చాడు. నేను కోసి ఉంటే ఆ ముక్క కూడా పోయేది.

అచ్చు: లేత్ పని చేసే దగ్గర ఇనుప ఉంగరం, దానిలో దిగే దిమ్మె చేయించాను, ₹300. నా సిలిండర్ లోపలి కొలత 25 మి.మీ.కు కాస్త పైన. మీది మీరు కొలుచుకోండి.

1. తోలును మామూలు నీళ్లలో ఒక పూట నానబెట్టాలి. వేడి నీళ్లు వద్దు, ముడుచుకుపోతుంది.
2. ఉంగరం మీద పెట్టి దిమ్మెతో వైస్‌లో కొద్దికొద్దిగా, గంటకోసారి బిగించాలి.
3. మూడు రోజులు నీడలో వదిలేయాలి. ఎండలో పెట్టిన మొదటి గిన్నె అంచు చీలింది.
4. అంచును కొత్త బ్లేడుతో సమంగా కోయాలి.
5. మధ్యలో స్క్రూకు రంధ్రం. ఆరెతో ముందు చిన్నగా, తర్వాత పెద్దగా.
6. ఒక రాత్రి నూనెలో. ఏ నూనె అన్నది తర్వాతి దశ గొడవ.

మొదట బిగుతుగా చేశాను. బిగుతుగా ఉంటే గాలి పోదు కదా అని నా తెలివి. వేగం 118! గాలి పోవట్లేదు, నిజమే. కానీ పిస్టన్ సిలిండర్ గోడలను రాసుకుంటూ తన బలమంతా అక్కడే పోగొట్టుకుంటోంది. మళ్లీ విప్పి, గిన్నె బయటి వైపు సన్నటి ఇసుక కాగితంతో 0.3 మి.మీ. తగ్గించాను.

సరైన బిగుతుకు నేను పెట్టుకున్న పరీక్ష: స్ప్రింగు లేకుండా పిస్టన్ ఒక్కటే సిలిండర్‌లో పెట్టి బొటనవేలితో తోస్తే కొంచెం బలంతో కదలాలి. సిలిండర్ నుంచి గొట్టంలోకి గాలి వెళ్లే రంధ్రం మూసి తోస్తే సైకిల్ పంపులా వెనక్కి తన్నాలి. రెండూ జరిగితే బిగించేయొచ్చు.

ఫలితం: సగటు 161, శక్తి 6.9 జౌల్స్. కనిష్ఠం 157, గరిష్ఠం 164. ఇసుక సంచి మీద గుంపు 38 మి.మీ.

ఇప్పటిదాకా: ₹3,540. పేల్చినవి 95.

దశ 5: కొబ్బరి నూనె

తాత పెట్టెలో ఒక చీటీ ఉంది, నీలం సిరాతో: "రెండు వందల గుండ్లకు కొబ్బరి నూనె రెండు చుక్కలు." ఆయన చేతిరాత చూసి ఇంకేమీ ఆలోచించలేదు. వాషర్‌ను కొబ్బరి నూనెలోనే నానబెట్టాను. నవంబర్‌లో మధ్యాహ్నాలు అంతా బాగానే ఉంది.

డిసెంబర్ మూడో వారంలో ఒకరోజు పొద్దున ఆరున్నరకు పేల్చాను. షెడ్డులో 14 డిగ్రీలు. వరుసగా 126, 131, 129, 138. వాషర్ పోయిందనుకున్నా. పదిహేనో గుండు దగ్గర 155. మధ్యాహ్నం మళ్లీ 160. రెండు రోజులు ఇదే ఆట. స్ప్రింగును, గోళీలను, కొలతను, అన్నిటినీ అనుమానించాను.

మూడో రోజు స్నానాల గదిలో కొబ్బరి నూనె సీసా బోర్లిస్తే చుక్క రాలేదు. అప్పుడు అర్థమైంది. కొబ్బరి నూనె 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది. తోలు లోపల కూడా అదే జరుగుతోంది. తాత తుపాకి పట్టింది వానాకాలం మక్కచేను మీద, ఆయన చీటీ ఆ కాలానికి సరిపోయింది.

మళ్లీ విప్పుడు. తోలును పొడి గుడ్డలో చుట్టి గోరువెచ్చటి చోట పెట్టి వీలైనంత నూనె తీసి, సిలికాన్ ఆయిల్‌లో నానబెట్టాను. సిలికాన్ ఆయిల్ తోలుకు మంచిదే కానీ ఉక్కు మీద ఉక్కు రాసుకునే చోట పనికిరాదు. స్ప్రింగుకు, పిస్టన్ వెనక అంచుకు మోలీ గ్రీజు (మాలిబ్డినం కలిపిన గ్రీజు) పల్చగా పూశాను.

ఇంజిన్ ఆయిల్ ఎందుకు వద్దంటే, అదీ చూశాను కనుక. బామ్మర్ది నేను లేనప్పుడు గాలి రంధ్రంలో నాలుగు చుక్కలు వేశాడు. గాలి నొక్కుకున్నప్పుడు పుట్టే వేడికి డీజిల్ ఇంజిన్‌లోలా నూనె అంటుకుంటుంది. పెద్ద చప్పుడు, గొట్టంలోంచి పొగ. ఆ ఒక్క గుండు 198 చూపించింది. వాడు సంబరపడ్డాడు. అలా పదిసార్లు పేలితే వాషరూ స్ప్రింగూ రెండూ పోతాయి.

తర్వాత పొద్దున 158, మధ్యాహ్నం 160.

ఇప్పటిదాకా: ₹3,940. పేల్చినవి 150.

దశ 6: దండగ స్ప్రింగు

తప్పు లెక్క చూసి దశ 1లో ఆర్డర్ పెట్టిన స్ప్రింగు వచ్చి కూర్చుంది. ₹350 పోసి కొన్నది ఊరికే పెట్టుకోవడం ఎందుకని బిగించాను. పాతదాని కన్నా తీగ లావు. గొట్టం విరవడానికి కావాల్సిన బలం లగేజీ తూకంతో కొలిస్తే పాతదానికి 9 కిలోలు, దీనికి 14.5. వేగం 160 నుంచి 172 అయింది. గుంపు 38 నుంచి 52 అయింది. పేల్చగానే తుపాకి మొత్తం గుర్రంలా ఎగురుతోంది.

పాతదాన్ని అద్దం పలక మీద దొర్లించి చూశాను. వంకర లేదు. అదే తిరిగి వేశాను. గుంపు 37.

ఇప్పటిదాకా: ₹4,290. పేల్చినవి 190.

దశ 7: గొట్టం మూతి

భూతద్దంతో చూస్తే మూతి లోపలి అంచున, గడియారంలో నాలుగు ఉండే చోట, చిన్న గంటు. ఎప్పుడో రాతి మీద పడి ఉంటుంది. గుండు బయటికొచ్చే చివరి క్షణంలో ఆ గంటు దగ్గర గాలి ఒక పక్కకు ముందుగా చిమ్మి గుండు తోకను నెడుతుంది.

గుండ్రటి తల ఉన్న ఇత్తడి స్క్రూ తీసుకుని, దాని తలకు వాల్వులు అరగదీసే పేస్టు రాసి, చేతి డ్రిల్‌కు బిగించి, మూతి మీద నెమ్మదిగా తిప్పాలి. తిప్పుతూనే డ్రిల్‌ను చుట్టూ ఊపుతూ ఉండాలి, లేకపోతే ఒక పక్కే అరుగుతుంది. పేస్టు లోపలికి జారకుండా గొట్టంలో రెండు అంగుళాల లోతున దూది కుక్కాను. మూడు స్క్రూలు అరిగాక అంచు చుట్టూ సమంగా మెరిసే వలయం వచ్చింది. చేపల గాలపు దారానికి గుడ్డ పేలిక కట్టి వెనక నుంచి ముందుకు లాగి శుభ్రం చేశాను. ఇనుప కడ్డీ దూర్చలేదు.

గుంపు 26. సంతోషపడ్డాను. కానీ ఇక్కడ ఒక నిజం చెప్పాలి. అదే రోజు కట్టె భాగం స్క్రూలు వదులయ్యాయని చూసి బిగించాను కూడా. ఈ రకం తుపాకుల్లో వదులు స్క్రూలే గురిని సగం చెడగొడతాయి. 37 నుంచి 26కు వచ్చింది మూతి వల్లనా, స్క్రూల వల్లనా? ఇక తెలుసుకునే దారి లేదు, పాత మూతి మళ్లీ రాదు కదా. ఈ పని మీరు చేస్తే స్క్రూలు ముందు బిగించి, ఒక గుంపు కొట్టి, తర్వాతే మూతి ముట్టుకోండి.

ఇప్పటిదాకా: ₹4,430. పేల్చినవి 210.

దశ 8: బాపమ్మ

సంక్రాంతికి ఊరి నుంచి బాపమ్మను తీసుకొచ్చాం. నేను ఇసుక సంచి మీద తుపాకి పెట్టి, భుజానికి గట్టిగా లాక్కుని, ఊపిరి బిగబట్టి కొడుతున్నాను. ఆమె షెడ్డు గుమ్మం బయట నులక మంచం మీద కూర్చుని చూస్తోంది. కాసేపటికి అడిగింది.

"గంత గట్టిగ గుంజి పట్టుకుంటున్నవేందిరా? దొంగను పట్టుకున్నట్టు."

"గట్టిగ పట్టుకోకపోతే కదులుతది బాపమ్మా."

"కదలనియ్యి. మీ తాత అరచేతిల పెట్టుకునేటోడు, కోడిపిల్లను పెట్టుకున్నట్టు. దాని మానాన దాన్ని తన్ననిస్తుండె."

ఆమె తుపాకి ఎప్పుడూ పట్టలేదు. ముప్పై ఏళ్లు చూసింది, అంతే.

స్ప్రింగు తుపాకిలో పిస్టన్ ముందుకు దూకగానే తుపాకి వెనక్కి తన్నుతుంది. పిస్టన్ చివరికి గుద్దుకుని ఆగగానే ముందుకు కుదుపుతుంది. ఈ రెండూ గుండు గొట్టం దాటకముందే జరిగిపోతాయి. బిగించి పట్టుకుంటే పట్టు ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది, కుదుపు కూడా ఒక్కోలా ఉంటుంది. వదులుగా ఆనిస్తే ప్రతిసారీ ఒకేలా కుదుపుతుంది.

మొత్తం ఎనభై గుండ్లు, ఒక్కో పట్టుకు రెండు గుంపులు (మి.మీ.):

ఇసుక సంచి మీద: 26, 29
గట్టిగా లాక్కుని: 31, 25
ఎడమ అరచేయి ముందుకు, వదులుగా: 19, 22
ఎడమ అరచేయి ట్రిగ్గర్ గార్డు ముందే, వదులుగా: 14, 13

మూడు నెలలు తోలు, నూనె, పేస్టు. ఇప్పుడు ఒక్క పైసా లేకుండా గుంపు సగమైంది. నేను ఇంతకాలం కొట్టిన గుంపులన్నీ సంచి మీదే కాబట్టి వాటిని ఒకదానితో ఒకటి పోల్చుకోవచ్చు, కానీ తుపాకి అసలు సత్తా వాటిలో ఏ రోజూ కనబడలేదు.

ఇప్పటిదాకా: ₹4,430. పేల్చినవి 290.

దశ 9: గుండ్ల తూకం

దేశీ గుండ్లు రెండు డబ్బాలు, ₹300. వంద గుండ్లు ఒక్కొక్కటే తూచాను. చిన్నది 0.462 గ్రా., పెద్దది 0.541. విదేశీ డబ్బాలో యాభై తూస్తే 0.525 నుంచి 0.536 మధ్యే. ఫ్యాను ఆపి తూచండి. నేను మొదటి ఇరవై ఫ్యాను కింద తూచి అన్నీ మళ్లీ తూచాల్సి వచ్చింది.

దేశీ వాటిలో 0.49 నుంచి 0.51 దాకా ఉన్నవి వేరు చేస్తే వందకు 37 మిగిలాయి. పన్నెండు గుంపులు కొట్టాను, 10 మీ., బాపమ్మ చెప్పిన పట్టు (మి.మీ.):

విదేశీ, డబ్బాలోంచి నేరుగా: 14, 13
విదేశీ, తూచి వేరు చేసినవి: 13, 14
దేశీ, నేరుగా: 27, 33, 24
దేశీ, తూచినవి: 21, 19, 23
తోక అంచు నొక్కుకుపోయినవి: 38, 35

విదేశీ గుండ్లు తూచడం టైం దండగ. దేశీవి తూస్తే లాభం కనిపించింది. కానీ వందలో అరవై మూడు పక్కన పెట్టాక వాటి చవక ఎక్కడుంది? తూచడం కన్నా తోక అంచు చూసుకోవడం ముఖ్యం. గుండు వెనక గిన్నెలా ఉండే ఆ పల్చటి అంచే గొట్టంలో గాలిని పట్టేది. వంగినవి ఏరి పారేయడానికి తూకం అక్కర్లేదు, కళ్లు చాలు.

13 మి.మీ. అని గర్వపడే లోపు ఒక మాట. మన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది ఇదే 10 మీటర్ల ఆటలో. అక్కడ పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటర్.

చివరి ఆదివారం ఊళ్లో మా చిన్నాయన పెరట్లో, మట్టి కట్ట ముందు, 25 మీటర్లు. 10 మీటర్లకు సరిచేసిన గురితో కొడితే ఐదు సెంటీమీటర్లు కిందికి పడ్డాయి. వెనక గురి మీట తిప్పి పైకి తెచ్చాక మూడు గుంపులు: 44, 52, 47. గాలి ఉంది.

మొత్తం: ₹4,730. పేల్చినవి 440. మోరీలో గోళీ ఒకటి.

మిగిలిన పని: కట్టె భాగం మెడ దగ్గర చీలిక, వెనక గురి స్క్రూ తుప్పు. తంగేడు తోలు ముక్కలో మిగిలిన దానితో ఇంకో గిన్నె వాషర్ చేసి, సిలికాన్ ఆయిల్ పట్టించి, పాతగోళీలు రెంటితో పాటు రేకు డబ్బాలో పెట్టాను. తాత చీటీ కూడా అందులోనే ఉంది. దాని కింద ఇంకో చీటీ రాసి పెట్టాను: "కొబ్బరి నూనె ఎండాకాలంలోనే. ఎడమ చెయ్యి ట్రిగ్గర్ గార్డు ముందు, వదులుగా."